దాతల ధనమును, తాళపుచెవియు

కొన్ని యేండ్ల క్రిందట మేమెరిగిన యొక పల్లెలో, ఊరికి వెలుపలనున్న దళితుల పేటయందు, ఒక దాత పిల్లల రాత్రిచదువు కొరకై గదిని కట్టించెను. గోడలు గట్టివి, పైకప్పు సిమెంటుది, దీపములు రెండు. దాని తాళపుచెవి మాత్రము ఊరిలోని యొక పెద్దయింట నుండెను. ఆయన పొలమునకు పోయిననాడు గది తెరువబడదు. పొరుగూరి పెండ్లికి పోయిననాడును తెరువబడదు. పిల్లలు వీధిదీపము క్రిందనే చదువుకొనిరి. దాతకు పోయిన నివేదికలో గది చక్కగా నడచుచున్నదని వ్రాసిరి. ఎవ్వరును దొంగిలింపలేదు, అయినను ఆ ధనము వ్యర్థమయ్యెను.

పేదలకు ఇచ్చుట వేరు, పేదలు తామే నడుపుకొను సంఘమునకు ఇచ్చుట వేరు. మొదటిదానికి దాతలు పెక్కుమంది గలరు. రెండవదానికి చేయి ముందుకు రాదు. ఈ విషయమై మన చదువరులు, ముఖ్యముగా తలిదండ్రులు, కొంత యోచింపవలెనని మా కోరిక.

అమెరికాదేశమున నల్లజాతివారి చరిత్ర ఇందుకు మంచి పాఠము. జూలియస్ రోజెన్‌వాల్డ్ అను వర్తకుడు, 1881లో స్థాపింపబడిన టస్కీగీ విద్యాలయమునకు అధ్యక్షుడగు బుకర్ టి. వాషింగ్టన్‌తో కలిసి, 1912 మొదలు పల్లెలలో బడులు కట్టించుటకు పూనుకొనెను. 1932 నాటికి 15 దక్షిణ రాష్ట్రములలో దాదాపు 5,000 బడులు లేచెను. సగము సొమ్ము మీరు కూర్చినగాని మేమీయమను పద్ధతి యది. ప్రత్తిచేలలో కూలిచేసిన జనులు చందాలు వేసికొని, కలప మోసి, రోజెన్‌వాల్డ్ ఇచ్చినదానికంటె నెక్కువయే కూర్చిరి. ఇది మెచ్చదగినదే. కాని మెచ్చుకొని యూరకుండరాదు. వారు పన్నులు ముందే కట్టియుండిరి. తమ బిడ్డల బడికై రెండవమారు కట్టవలసివచ్చెను. కట్టిన పిమ్మట ఆ బడులు తెల్లవారి యధీనమందున్న విద్యాసంఘముల పేర వ్రాయబడెను. అక్కడను తాళపుచెవి మరియొకరి యింటనే! 2020లో మెకంజీ స్కాట్ అను ధనికురాలు అదే టస్కీగీకి 2 కోట్ల డాలర్లిచ్చి, దేనికి వాడవలెనను నిబంధన విధింపలేదు. ఈ రెండు దానముల నడుమ నూరేండ్లు పైగా పట్టినవి.

మన తెలుగునాట అంత దూరము వెదకనక్కరలేదు. 1912లో దోర్నకల్ బిషప్పైన వేదనాయకము శామ్యూల్ అజరయ్యగారు ఆంగ్లికన్ సంఘమున బిషప్పు పదవి పొందిన మొదటి భారతీయులు. 1910లో ఎడింబరోలో జరిగిన మిషనరీ మహాసభయందు, మీరు ధనమిచ్చితిరి, స్నేహమునుగూడ నీయుడని నిర్భయముగా నడిగినవారును వీరే. వీరి సంఘములోనివారు హెచ్చుగా మాల మాదిగలు. వండుటకు ముందు స్త్రీలు పిడికెడు బియ్యము ప్రక్కనుంచి ఆదివారమున దేవాలయమునకు తెచ్చెడివారు. 1939లో ప్రతిష్ఠింపబడిన దోర్నకల్ దేవాలయమును చూచినవారికి ఆ పిడికెళ్ల విలువ తెలియును.

హైదరాబాదులో భాగ్యరెడ్డివర్మగారు 1906లో జగన్మిత్రమండలిని స్థాపించి, తరువాత తమవారి పిల్లలకు బడులు పెట్టిరి. 1917లో బెజవాడ సభకు అధ్యక్షులై, పంచములను మాట వలదని ఆది ఆంధ్రులను పేరు నిలిపిరి. పేరును తామే పెట్టుకొనగలవారు పద్దును తామే వ్రాసికొనలేరా?

అయినను నేటికిని వినబడు మాట యొకటి గలదు: వారికి లెక్కలు వ్రాయుట తెలియదు. ఈత వచ్చినగాని నీట దిగరాదనుట వంటిది గదా యిది! చట్టములును కొంత బరువు పెంచినవి. విదేశవిరాళముల చట్టమునకు 2020లో జరిగిన సవరణ వలన, పెద్దసంస్థ తాను పొందిన విదేశధనమును చిన్నసంఘమునకు పంచి యీయరాదు. కార్యాలయపు ఖర్చు 20 శాతము దాటరాదు. 2013 నాటి కంపెనీల చట్టము ప్రకారము పెద్ద కంపెనీలు లాభమున 2 శాతము లోకహితమునకు వెచ్చింపవలెను. కాని ఆ సొమ్మును సాధారణముగా మూడేండ్ల పనిచరిత్ర గల సంస్థలకే యిత్తురు. మొదటి మూడేండ్లు ఎవరి సొమ్ముతో నడపవలెనో చట్టము చెప్పదు. మోసమును అరికట్టుట అవసరమే, మేము కాదనము. అయితే గుమాస్తాకు జీతమీయలేని సంఘము లెక్కలు సరిగా చూపవలెననుట న్యాయము గాదు.

ఉద్యోగములలోనున్న మన పూర్వవిద్యార్థులకు మా విన్నపమిది. మీరు పుట్టిన పేటకు ధనము పంపునపుడు బల్లలు, గడియారములు మీరే కొని పంపకుడు. అక్కడివారిని ముందుగా నడుగుడు. ఒక్కయేడు పంపి విరమింపక, మూడేండ్లు కొంచెము కొంచెముగా పంపుడు. ఆ సొమ్ములో లెక్కలు వ్రాయువారి జీతమును చేర్చుడు. దాతల పేరుగల చలువరాతి పలక లేకున్నను వాన కురియును.

మొదట చెప్పిన గది సంగతి. పేటలోని పొదుపుసంఘపు స్త్రీలు తీర్మానము వ్రాసికొని పోయి, తాళపుచెవిని అడిగి తెచ్చుకొనిరి. పాడైన దీపములను చందాలతో మార్పించిరి. పద్దుపుస్తకమును పదవతరగతి చదువు బాలిక యొకతె వ్రాయుచున్నది. మేము చూడబోయిన నాడు 40 రూపాయలు తేడా వచ్చినదని ఇంటింటికి తిరిగి యడుగుచుండెను; మాతో మాటలాడుటకు తీరిక లేదనెను.