వేసవి టైర్లు – కొన్ని జాగ్రత్తలు

జర్మనీలో ఉద్యోగం చేస్తూ స్పోర్ట్స్ కారు కొన్న అబ్బాయి మీ ఇంట ఉంటే, ఈ నాలుగు మాటలు అతనికి చేరవేయమని కోరుతున్నాము.

అక్టోబరు నుండి ఈస్టరు వరకు చలికాలపు టైర్లు వాడాలని ఆ దేశంలో ఒక వాడుక మాట. పండుగ తర్వాత వేసవి టైర్లు బిగిస్తారు. సుమారు 7 డిగ్రీలకు దిగువన వేసవి టైరు రబ్బరు బిరుసెక్కి పట్టు తగ్గుతుంది. ఈస్టరు మార్చిలోనే వచ్చిన సంవత్సరం పండుగను గాక చలిని చూసి మార్చడం క్షేమం.

కొనేటప్పుడు కారు పుస్తకంలోని కొలతనే తీసుకోవాలి. పోర్షే 911లో వెనుక టైర్లు ముందువాటికంటె వెడల్పు. ఒకదాని చోట మరొకటి పనికిరాదు. టైరు ప్రక్కనున్న అక్షరం వేగపు హద్దును తెలుపుతుంది: ‘వి’ అంటే గంటకు 240 కి.మీ., ‘డబ్ల్యు’ 270, ‘వై’ 300. తయారీ గుర్తులో 1225 అని ఉంటే 2025వ సంవత్సరం 12వ వారమని అర్థం.

బాణం గుర్తు ఉంటే అది చక్రం ముందుకు తిరిగే దిక్కునే ఉండాలి. బోల్టులను ఎదురెదురుగా బిగించి, 50 కి.మీ. నడిచాక మరల సరిచూడాలి. గాలిని టైరు చల్లగా ఉన్నప్పుడే కొలవాలి. కొత్త టైరు పైపొర కొంత అరిగితేనే పూర్తి పట్టు వస్తుంది. మొదటి 200, 300 కి.మీ. నెమ్మదిగా నడపాలి.

కారు ఎంత ఖరీదైనదైనా నేలను తాకేది నాలుగు అరచేతులంత రబ్బరే. ఫోనులో “తిన్నావా నాయనా” అని అడిగే తల్లిదండ్రులు “టైర్లు చూసుకున్నావా” అని కూడా అడగాలని మా మనవి.