పట్టాలు పోయినచోట పట్టాలు

ఒక రైలుదారి మూతపడినప్పుడు ముందుగా అందరికిని కనబడునది ఇనుము. అది తూకమునకు అమ్ముడుపోవును. ఎంత వచ్చినదో కాగితముమీద లెక్క యుండును. తరువాత దుంగలు పోవును, కంకర పోవును. మిగిలిన మట్టికట్ట ఏమైనదని అడుగువారుండరు. ఒకయేడు ప్రక్కపొలమువాడు గట్టు జరుపును. మరుయేడు ఎవరో కొట్టము వేయుదురు. ఇంకొకయేడు పలుకుబడి గలవారు రాళ్ళు పాతి ప్లాట్లు కోయుదురు. ఇనుపపట్టాలు లేచినచోట కాగితపు పట్టాలు మొలచును. రెంటికిని మన భాషలో ఒకే మాట యుండుట చమత్కారముగ తోచవచ్చును గాని, ఊరుమ్మడి సొత్తు ఎట్లు పోవునో ఆ మాటలోనే యున్నది.

బోధను ప్రాంతము వారికి ఈ సంగతి విడమరచి చెప్పనక్కరలేదు. 1923లో మొదలై 1931లో ముగిసిన నిజాంసాగరు నిర్మాణము వలన మంజీర నీరు ఇందూరు పొలములకు ఎక్కినది. నవాబ్ అలీ నవాజ్ జంగు పర్యవేక్షణలో వచ్చిన ఆ నీటివెంట చెరకు వచ్చినది. చెరకువెంట 1937లో నిజాం చక్కెర కర్మాగారము స్థాపితమైనది. దాని నీడను శక్కర్‌నగరు అను ఊరే వెలసినది. ఆసియాలో అంతటి కర్మాగారము లేదని ఒకనాడు పేరు. దానికి వేల ఎకరాల సొంత చెరకుక్షేత్రములు. అక్కడినుండి గడలు మోయుటకు సొంత చిన్నరైలు. 2002లో సగమునకు మించిన వాటా ప్రైవేటు వారి చేతికి పోయినది. 2015 డిసెంబరులో గేటుకు తాళము పడినది. తిరిగి తెరచుటకై రాష్ట్రప్రభుత్వము 2024లో ఒక కమిటీని వేసినది. ఈ నడుమ క్షేత్రములు చేతులు మారినవి. చిన్నరైలు లేదు. అది ఏ పొలము ప్రక్కనుండి ఏ వాగు దాటి గానుగను చేరెడిదో చూపు పటమును ఏ బడిగోడమీదను నేను చూడలేదు.

ఇట్టి పాతదారులను, వానితో కలిసివచ్చు కాలువకట్టలను, నదీతీరములను ప్రజల నడకకును సైకిలుకును శాశ్వతముగ ఉంచవలెనని నా అభిప్రాయము. ఇది విలాసముకొరకు చెప్పుమాట కాదు. షికారు చేయువారు ఎక్కడనైనను చేయుదురు. ఊరినుండి ఊరి బడికి పోవు పిల్లకు లారీల చక్రముల నడుమనుండి తప్పుకొను దారి కావలెను.

రైలుకట్టలో ఏమంత విశేషమని అడుగవచ్చును. విజ్ఞానశాస్త్రము చెప్పు ఉపాధ్యాయులకు ఇందులో ఒక మంచి పాఠమున్నది. ఇనుపచక్రము ఇనుపపట్టామీద అతిసులభముగ దొర్లును. కనుకనే ఒక్క ఇంజను వందల టన్నులను లాగగలుగును. కాని ఆ సులభమే ఎత్తులవద్ద దాని బలహీనత. చక్రము పట్టు చిక్కక జారును. అందుచేత రైలుదారి వేయువారు మిట్టలను కోసి, పల్లములను నింపి, మైదానములలో నూరడుగులకు ఒక అడుగునకు మించి ఎక్కకుండునట్లు చూచుకొందురు. బండికొరకు పడిన ఆ శ్రమ బండి పోయిన తరువాతకూడ నేలలో నిలిచియుండును. పుస్తకముల సంచి తగిలించుకొని సైకిలు త్రొక్కు బాలికకు, చేతికర్రతో నడచు వృద్ధునకు, మూడుచక్రముల బండిమీద పోవు వికలాంగునకు అంత అనువైన దారిని నేడు క్రొత్తగా వేయవలెనన్న కోట్లు కావలెను. కాలువకట్ట అంతకన్నను నెమ్మదియైనది, నీరు మెల్లగ నడచుచోట మనిషి రొప్పవలసిన పని లేదు.

ఇంకొక గుణమున్నది; అది మరింత ముఖ్యము. రైలుదారి తెగని గీత. నూరు ఊళ్ళ భూములను కోసికొనిపోయి ఒక్క చేతిలో ఉండును. అట్టి గీతను మరల గీయుట ఏ ప్రభుత్వమునకును సులభము కాదు. పది మైళ్ళ కట్టలో నడుమ ఒక ఫర్లాంగు పోయిన తొమ్మిది మైళ్ళు మిగిలినవని సంతోషింపరాదు. రెండు తునకలు మిగిలినవి, వానిమధ్య దారి లేదు.

ఈ గుణమును ముందుగా గుర్తించిన దేశములలో అమెరికా ఒకటి. అక్కడ 1916 నాటికి రెండున్నర లక్షల మైళ్ళ రైలుదారులుండెడివి. మోటారుబండ్లు పెరిగినకొలది అవి వరుసగా మూతపడినవి. విస్కాన్సిను రాష్ట్రమువారు ఎల్రాయ్, స్పార్టా అను రెండు చిన్నఊళ్ళ నడుమ విడిచిపెట్టిన దారిని 1965లో కొని, 1967లో నడకదారిగ తెరచిరి. పొడవు 32 మైళ్ళు, మూడు సొరంగములు. పెద్ద పట్టణములు చేయని పని పాలు పితుకుకొను పల్లెలు చేసినవి. ఆ ఊళ్ళ దుకాణములకును పూటకూళ్ళ యిండ్లకును ఆ దారియే నేడు బేరము తెచ్చుచున్నది.

మన జిల్లానుండి పిల్లలను చూడబోయిన తల్లిదండ్రులలో కొందరు ఇట్టి దారిమీద నడచియే యుందురు. వర్జీనియాలో తెలుగువారు బాగుగ స్థిరపడిన ఆష్‌బర్న్, హెర్న్‌డన్ ఊళ్ళ నడుమనుండి పోవు 45 మైళ్ళ నడకబాట 1968లో ఆగిపోయిన ఒక రైలుదారియే. సాయంకాలము చీరకట్టుతో, కాళ్ళకు బూట్లతో మన అమ్మలు అక్కడ నడచుచు ఎంత శుభ్రముగ నున్నదని మెచ్చుకొందురు. తిరిగివచ్చి తమ ఊరి కాలువకట్టమీది తుమ్మకంపను చూచి ఊరకుందురు. మెచ్చుకోలు విమానములో రాదు కాబోలు!

సింగపూరు సంగతియు చెప్పవలెను. ఆ దీవిలో జానెడు నేలకు బంగారపు ధర. మలేషియావారి రైలు 2011 జూన్ 30న ఆగి, మరునాడు ఆ భూమి సింగపూరు చేతికి వచ్చినది. 24 కిలోమీటర్ల ఆ నేలను ముక్కలుచేసి అమ్మియుండిన ఎంత వచ్చెడిదో! పౌరులు, ప్రకృతిప్రియులు కోరగా దానిని తెగని పచ్చనిబాటగ నిలిపిరి. అంత ఇరుకైన చోట నిలుపగలిగినదానిని మంజీర తీరమున నిలుపలేమా?

మన తెలుగునేలమీద అనుభవము మిశ్రమము. రాజమహేంద్రవరము వద్ద గోదావరిమీద 1900లో తెరచిన హేవ్‌లాక్ వంతెన దాదాపు నూరేండ్లు బండ్లను మోసి 1997లో విశ్రమించినది. దానిని నడకకు, విహారమునకు మార్చుదుమను మాట ఏండ్ల తరబడి వినబడి, 2025లో అఖండగోదావరి పథకములో భాగముగ శంకుస్థాపన వరకు వచ్చినది. ఇరువది యెనిమిది ఏండ్లు! నదిమీది వంతెనను ఎవరును దున్నుకొనలేరు గనుక అంత ఆలస్యమైనను వంతెన మిగిలినది. పొలముల నడుమనున్న మట్టికట్టకు ఆ భాగ్యము లేదు. హైదరాబాదు వెలుపలి వలయరహదారివెంట 2023లో సౌరఫలకముల కప్పుతో 23 కిలోమీటర్ల సైకిలుబాట తెరచిరి. మంచిదే. అయితే దానిని చేరుటకు సైకిలును కారుపై కట్టుకొనిపోవువారే ఎక్కువ. నేను కోరునది ఇంటిగుమ్మమునుండి బడిగుమ్మమువరకు పోవు దారి.

నిజామాబాదు బోధనుల మధ్య ఏది సాధ్యమో చూతము. జానకంపేటనుండి బోధనుకు పోవు రైలుదారి బతికియున్నది. దానిజోలికి ఎవరును పోరాదు. నిజాంసాగరు ప్రధానకాలువ నూటయేబది కిలోమీటర్లకు మించినది; బాన్సువాడ, వర్ని ప్రాంతముల చెరకును వరిని తడుపుచు వచ్చును. కాలువలను కనిపెట్టుటకు కట్టమీద బాట యుండుట ఆనవాయితీ. క్రొత్తగ భూమి కొననక్కరలేదు. కంప కొట్టి, మొరము పోసి, తూములవద్ద కట్టుగోడ వేసిన చాలును. నిజామాబాదువైపు అలీసాగరు తోటకు ఎటులును జనము పోవుచునే యున్నారు. బోధనుకు అవతల రెంజలు మండలములోని కందకుర్తివద్ద మంజీర, హరిద్ర గోదావరిలో కలియును. 2015 పుష్కరములకు అక్కడ జనసముద్రము చేరినది. తరువాతి పుష్కరము 2027లోనిది. పండ్రెండు దినములకు ఘట్టములు కట్టుదుము గాని, పండ్రెండేండ్లు నడచుటకు ఒడ్డున దారి వేయము.

ఇచ్చట ఒక్క పురాతనపు మాట. బోధనే అశ్మక జనపదపు రాజధానియని చరిత్రకారులు పలువురు తలంతురు. అశ్మకదేశమున గోదావరి ఒడ్డున నివసించిన బావరియను వృద్ధుడు తన పదునార్గురు శిష్యులను బుద్ధుని చూచిరండని పంపిన కథ బౌద్ధుల సుత్తనిపాతములో నున్నది. వారు ప్రతిష్ఠానము, ఉజ్జయిని మీదుగ మగధవరకు నడచిరి. గ్రంథములకెక్కిన మన తొలికథలలో ఒకటి ఒక నడక యనుట విద్యార్థులకు చెప్పదగినది.

ఇక ఆక్షేపణలు. రైతులు అందురు: బాట పడిన దొంగలు వత్తురు, చెరకు విరుతురు, మోటారుసైకిళ్ళవాళ్ళు రాత్రులు గోల చేయుదురు. ఈ భయము తోసిపుచ్చదగినది కాదు. అమెరికాలోను దారిప్రక్క భూస్వాములు సుప్రీముకోర్టు వరకు పోయిరి. 1990లో ఆ న్యాయస్థానము చట్టమును నిలిపియు, నష్టమునకు పరిహారము అడుగుకొను హక్కు వారికున్నదని చెప్పినది. మన రైతునకును అంతటి గౌరవము దక్కవలెను. అతని ఎడ్లబండిని దిగుమని చెప్పు నడకబాట నాకు వలదు. కోతకాలమున చెరకుబండికి దారి యిచ్చి తక్కిన దినములలో పిల్లలకు దారి యిచ్చుటలో కష్టమేమున్నది?

ఇంతకన్న బరువైన ఆక్షేపణ శక్కర్‌నగరు కార్మికునిది. “మేము ఫ్యాక్టరీ తెరువుమనిన మీరు నడకబాట చూపుదురా?” అని అతడు అడిగిన తలవంచవలసినదే. మూతపడిన మిల్లునకు సమాధి కట్టి, దానిచుట్టు పూలమొక్కలు నాటి, ఇది అభివృద్ధియనుట క్రూరము. నేను చెప్పునది దానికి విరుద్ధము. అమెరికావారు 1983లో చేసిన చట్టమున ఒక షరతు ఉన్నది: మూతపడు రైలుదారిని నడకబాటగ వాడుకొనవచ్చును, కాని మరల రైలు కావలసివచ్చిననాడు ఆ నేల రైలుకే తిరిగిపోవలెను. అనగా బాట రైలుకు పోటీ కాదు, కావలి. జనము నిత్యము నడచు కట్టను ఎవరును చాటుగ దున్నలేరు. గానుగ తిరిగి ఆడిననాడు చెరకు వచ్చుటకు గీత యుండవలెనన్న, ఆ గీతమీద ఈలోగా అడుగులు పడవలెను. మన రాష్ట్రములోను ఇట్టి షరతుతో కూడిన శాసనము రావలెను. అది రాకముందే బాట వేసిన, వేసినవారే రేపు దానిని అమ్ముదురు.

శాసనము వచ్చువరకు ఉపాధ్యాయులు చేయగల పని ఒకటి కలదు. బోధను, ఎడపల్లి, రెంజలు, వర్ని మండలములలోని ఉన్నతపాఠశాలలు ఒక్కొక్కటి తమ ఊరి నక్షాను తీసికొని, చిన్నరైలు పోయిన జాడను ముసలివారిని అడిగి గుర్తింపవచ్చును. ఆ బండి నడిపినవారు, గడలు ఎక్కించినవారు ఊళ్ళలో ఇంకను ఉందురు. పదేండ్లకు ఎందరుందురో చెప్పలేము. పిల్లలు గొలుసు పట్టి కొలువవలెను. కట్ట ఎక్కడ నిలిచియున్నది, ఎక్కడ తెగినది, ఏ మోరీ చెడలేదు అని వ్రాసికొనవలెను. ఆ సర్వేనెంబరులకు పాత పహాణీలలో ఏమున్నది, నేడు ఏమున్నది అన్న రెండు గడులను ప్రక్కప్రక్కన వేయవలెను. పేర్లు వ్రాయనక్కరలేదు. తయారైన పటము ఒక ప్రతి బడిలోను, ఒక ప్రతి గ్రామపంచాయతిలోను, ఒక ప్రతి తహసీలుదారు కచ్చేరిలోను ఉంచి, అందినట్లు ముద్ర వేయించుకొనవలెను.