పిల్లల దగ్గరికి వెళ్తున్నారా? బస్సెక్కడం నేర్చుకోండి

విదేశంలో ఉన్న కొడుకు దగ్గరికో, కూతురి దగ్గరికో వెళ్లడానికి సూట్‌కేసు సర్దుతున్నారా? ఆవకాయ, కందిపొడి, బీపీ మాత్రలు, మోకాళ్ల నొప్పుల తైలం... అన్నీ జాబితాలో ఉండే ఉంటాయి. అక్కడ మనంతట మనం బస్సెక్కి వెళ్లి రాగలమా అన్నది మాత్రం ఎవరూ ఆలోచించరు. మేమూ ఆలోచించలేదు.

మా అబ్బాయి ఇల్లు సింగపూర్‌లో సెంగ్‌కాంగ్ అనే చోట, పద్నాలుగో అంతస్తులో. ఉదయం ఎనిమిదిలోపు కొడుకూ కోడలూ ఆఫీసుకి, మనవరాలు బడికి. మళ్లీ సాయంత్రం దాకా ఇంట్లో మేమిద్దరమే. విజయవాడలో పాలకీ, పేపరుకీ, రైతుబజారుకీ పూటకోసారి బయటికి వెళ్లే మావారు మూడు వారాల పాటు సోఫాకి అతుక్కుపోయారు. పగలు కునుకులు, రాత్రి జాగారం. మాట తగ్గింది. పరగడుపున 130 దగ్గర ఉండే షుగరు 170 దాటింది. తిండి అదే, మాత్రలు అవే. నాకు కనిపించిన తేడా ఒక్కటే, నడక.

శనివారం వస్తే అబ్బాయి ట్యాక్సీ పిలిచేవాడు. మీటరు తిరుగుతుంటే మేం డాలర్లని రూపాయల్లోకి మార్చుకుంటూ బిగుసుకుని కూర్చునేవాళ్లం. వాడిది ప్రేమే, కాదనను. కానీ ‘మీకెందుకు నాన్నా శ్రమ, నేను తీసుకెళ్తాగా’ అని వారం వారం వింటే ఎంతటి మనిషికైనా కాళ్లు చచ్చుబడినట్టే ఉంటుంది.

నిజానికి సింగపూర్‌లో కారు లేకపోవడం లోటేమీ కాదు. అక్కడ కారు కొనాలంటే ముందు దాన్ని ఉంచుకునే హక్కు పత్రాన్ని వేలంలో కొనాలి, అదీ పదేళ్లకే చెల్లుతుంది. అందుకే పెద్ద ఉద్యోగాలు చేసేవాళ్లూ రైల్లోనే కనిపిస్తారు. మీరు బస్సెక్కితే పిల్లల పరువేమీ పోదు.

స్టేషన్ల పేర్లు పలకడం రాదని భయపడకండి. ప్రతి స్టేషన్‌కీ ఒక నంబరుంటుంది. మాది ఊదా రంగు లైను. ఇంటి దగ్గర స్టేషన్ 16, పెరుమాళ్ గుడికి దిగాల్సిన ఫారర్ పార్క్ 8. అంటే నంబర్లు తగ్గుతూ పోయే దిక్కుకి ఎక్కి, ఎనిమిదో స్టేషన్‌లో దిగడమే. ఆ పక్కదే లిటిల్ ఇండియా, కరివేపాకు కావాలంటే అక్కడ దిగాలి. రైలుకి డ్రైవరు ఉండడని తెలిసి మావారు మొదటిరోజు ఎక్కనన్నారు. రెండోవారానికి అదే రైలు ముందు అద్దం దగ్గర చోటు కోసం చిన్నపిల్లలతో పోటీ!

బస్సు కాస్త కష్టం. రావడం చూసి చెయ్యి ఊపాలి, లేకపోతే ఆగకుండా పోవచ్చు. ఎక్కేటప్పుడే కాదు, దిగేటప్పుడూ కార్డు ఆనించాలి. మరిచిపోతే చివరి స్టాపు దాకా ఛార్జీ పడుతుంది. ఆలుమగలిద్దరికీ ఒకే కార్డు పనిచేయదు. ఎవరిది వాళ్లకే ఉండాలి. డబుల్ డెక్కర్ వస్తే సరదాపడి పైకెక్కకండి, బస్సు కదులుతుండగా మెట్లు దిగడం మన మోకాళ్లకి మంచిది కాదు.

ఇక ఆడవాళ్లకి ఒక మాట. బాత్‌రూమ్ దొరకదేమోనని మనం పొద్దున్నుంచీ నీళ్లు తాగకుండా బయల్దేరతాం. ఆ ఉక్కలో అది ప్రమాదం. మెట్రో స్టేషన్లలో శుభ్రమైన టాయిలెట్లుంటాయి, తాగే బయల్దేరండి. అయితే రైల్లో, స్టేషన్ లోపల తినడం తాగడం నిషేధం, జరిమానా కట్టాలి. షుగరుకి మందులు వాడేవాళ్లు, ముఖ్యంగా ఇన్సులిన్ తీసుకునేవాళ్లు తినకుండా గడప దాటొద్దు. సంచిలో గ్లూకోజ్ ఉంచుకోండి. చెమటలు, వణుకు మొదలైతే జరిమానా సంగతి తర్వాత, ముందు నోట్లో వేసుకుని పక్కవాళ్లకి చెప్పండి. చీరతో ఎస్కలేటర్ ఎక్కడం కన్నా లిఫ్ట్ వెతుక్కోవడం నయం. పెద్దలకి కేటాయించిన సీట్లుంటాయి, మొహమాటం లేకుండా కూర్చోండి. నిలబడి పడితే తుంటి ఎముక విరుగుతుంది, మొహమాటానికి అంత ఖరీదు అక్కర్లేదు.

రైలెక్కితే షుగరు తగ్గుతుందని నేను చెప్పడం లేదు. మావారు మాత్రలు మానలేదు, మీరూ మానకండి. అరవై ఐదు దాటినవాళ్లు కూడా వారానికి కనీసం 150 నిమిషాలు ఒక మోస్తరు వేగంతో నడవడం లాంటి వ్యాయామం చెయ్యాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటోంది. వాకింగ్‌కి వెళ్లండి అంటే కదలని మనిషి కూడా స్టాపు దాకా, స్టేషన్ నుంచి గుడి దాకా నడుస్తాడు. మేం వారానికి నాలుగు రోజులు బయటపడ్డాం. తిరిగొచ్చే నాటికి పరగడుపు అంకె 140 దగ్గరికి దిగింది. రాత్రి నిద్ర అంతకన్నా ముందే దారిలో పడింది.

ఓసారి దిగాల్సిన చోట దిగకుండా మావారు చాలా దూరం వెళ్లిపోయారు. నేను ఆరోజు ఇంట్లోనే ఉన్నాను. ఫోన్ ఎత్తలేదు. గంటన్నర నా ప్రాణం ప్రాణంలో లేదు. తీరా చూస్తే ఎదుటి ప్లాట్‌ఫాం నుంచి వెనక్కి రైలెక్కి, చేతిలో మామిడిపళ్ల సంచితో వచ్చారు. అబ్బాయి ఇక ఒంటరిగా పంపొద్దన్నాడు. నేనే ఒప్పుకోలేదు.

పిల్లలకి నేను చెప్పేది ఇదే. మీ అమ్మానాన్నలు రాగానే ట్యాక్సీ యాప్ తెరవకండి. మొదటి వారం రెండుసార్లు వెంట ఉండి తిప్పండి. మూడోసారి మీరు వెనక నడవండి, కార్డు వాళ్ల చేతికివ్వండి. మతిమరుపు ఉన్నా, కళ్లు సరిగ్గా కనిపించకపోయినా, ఈమధ్యే ఆపరేషన్ అయినా మాత్రం ఒంటరి ప్రయాణం వద్దు, తోడు తప్పనిసరి. హైదరాబాద్‌లో ఉండేవాళ్లయితే విమానం ఎక్కకముందే మెట్రోలో నాలుగుసార్లు తిరగండి. కార్డు ఆనించడం, తలుపులు మూసుకునేలోగా కంగారు పడకుండా ఎక్కడం ఇక్కడే అలవాటవుతాయి.

మావారి జేబులో ఎప్పుడూ ఒక చీటీ ఉండేది. బ్లాకు నంబరు, పోస్టల్ కోడ్, అబ్బాయి ఫోన్ నంబరు, వాడే మాత్రల పేర్లు ఇంగ్లిష్‌లో. వెనకవైపు అంబులెన్స్ నంబరు 995. అలాంటిది మీరూ ఒకటి మీ కోడలితోనో కూతురితోనో రాయించుకోండి. అక్షరాలు పెద్దవిగా రాయమనండి. కళ్లజోడు ఇంట్లో మరిచిపోయిన రోజే దాంతో అవసరం పడుతుంది.