పుర్రచేతి పిల్లకు డాక్టరు చదువు పనికిరాదా?

ఈ వారం వచ్చిన ఉత్తరాలలో ఒక తల్లి రాసినదానికి వెంటనే జవాబు చెప్పాలి. ఆమె రాసింది ఇది:

"మా అమ్మాయికి పన్నెండేళ్లు. పుట్టు ఎడమచేతి వాటం. అక్షరాభ్యాసమైన కొత్తలో మా అత్తగారు ఎడమచేతికి గుడ్డ కట్టి కుడిచేత్తో రాయించారు. ఇప్పుడు రాత వంకరటింకరగా ఉంటోంది, పరీక్షలో టైము చాలడం లేదు. దానికేమో డాక్టరు కావాలని కోరిక. 'ఆడపిల్ల, ఆపైన పుర్రచెయ్యి, మెడిసిన్ దాని తలకెక్కదు' అంటున్నారు మా బావగారు. రెండోవాడికి పది నెలలు. వీడు నయం. ఏదైనా కుడిచేత్తోనే అందుకుంటాడు, ఎడమచెయ్యి అసలు చాపడు."

అమ్మా, అమ్మాయిని గురించి మీరు బాధపడవలసిన పని లేదు. బాబును గురించి మీరు సంతోషంగా రాసిన మాటే నన్ను కలవరపెట్టింది. కనుక ముందు బాబు సంగతి.

ఏడాది నిండని పిల్లలు రెండు చేతులూ వాడాలి. ఏ చేతి వాటమో రెండు, మూడేళ్ల వయసులో తెలుస్తూ, నాలుగేళ్లకు ఇంచుమించు స్థిరపడుతుంది. పది నెలలకే ఒక చేతిని వదిలేస్తున్నాడంటే, ఆ చేతిలో బలం తగ్గిందేమోనని అనుమానించాలి. గర్భంలో ఉండగానో, కాన్పు సమయంలోనో మెదడులో ఒకవైపు దెబ్బతిన్నా, కాన్పులో భుజం దగ్గరి నరాలు సాగినా ఇలా జరగవచ్చు. ఎడమ పిడికిలి ఎప్పుడూ బిగించి ఉంచుతున్నాడా? పాకేటప్పుడు ఎడమకాలు ఈడుస్తున్నాడా? గమనించండి. ఆ లక్షణాలు కనిపించకపోయినా సరే, ఈ వారంలోనే పిల్లల డాక్టరుకు చూపించండి. ఏ జబ్బూ లేకపోవచ్చు. ఉంటే మాత్రం ఫిజియోథెరపీ ఎంత తొందరగా మొదలుపెడితే అంత మేలు.

ఇక అమ్మాయి విషయం. ప్రపంచంలో సుమారు నూటికి పదిమంది ఎడమచేతి వాటంవారే. వీరిలో ఆడవారికంటే మగవారు కొంచెం ఎక్కువ. ఇది పెంకితనం కాదు, చెడు అలవాటూ కాదు. స్కానింగులో చూస్తే గర్భస్థ శిశువులలో ఎక్కువమంది కుడి బొటనవేలు, కొందరు ఎడమ బొటనవేలు చీకుతూ కనిపిస్తారు. అంటే వాటానికి పునాది పుట్టకముందే పడుతోందన్నమాట.

'పుర్రచేతివాళ్ల మెదడు తిరగబడి ఉంటుంది' అన్నదీ అపోహే. కుడివాటం వారిలో సుమారు నూటికి 95 మందికి మాటలకు సంబంధించిన భాగం మెదడు ఎడమ సగంలో ఉంటుంది. ఎడమవాటం వారిలో కూడా సుమారు 70 మందికి అక్కడే ఉంటుంది. తెలివితేటల సగటులో ఈ రెండు రకాల వారికీ ఉన్న తేడా లెక్కలోకి రానంత స్వల్పం.

ఆడ, మగ తేడా మాటకొస్తే, ఒక ఆకారాన్ని మనసులోనే తిప్పి చూసే పరీక్షలో మగవారి సగటు ఎక్కువ. విన్న మాటలను గుర్తుపెట్టుకునే పరీక్షలో ఆడవారి సగటు కాస్త ఎక్కువ. సగటు గుంపును గురించి చెబుతుందే తప్ప, మీ అమ్మాయిని గురించి ఏమీ చెప్పదు. బావగారికి ఈ ముక్క చెప్పండి.

ఆపరేషన్ కత్తెరలు చాలావరకు కుడిచేతికి తయారుచేసినవే. అందువల్ల ఎడమచేతి విద్యార్థులు మొదట్లో తడబడతారు. మా వార్డులో అలాంటి అమ్మాయిలకు కుట్లు వేయడం నేర్పేటప్పుడు పక్కన కాకుండా ఎదురుగా నిలబెట్టుకుంటాను. అద్దంలో చూసినట్టుంటుంది, చక్కగా పట్టుకుంటారు. ఎడమచేతి కత్తెరలూ దొరుకుతాయి.

మీరు చేయవలసినవి:

1. అమ్మాయి బొమ్మ గీయడం, బంతి విసరడం, కత్తెర, పళ్ల బ్రష్, చీపురు పట్టడం, అగ్గిపుల్ల గీయడం ఏ చేత్తో చేస్తోందో చూడండి. 1971లో ఓల్డ్‌ఫీల్డ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త ప్రచురించిన వాటం ప్రశ్నావళిలో ఇవన్నీ ఉన్నాయి.

2. ఇప్పటికీ ఎడమచెయ్యే ముందుకొస్తుంటే, సెలవుల్లో ఎడమచేత్తో రాసి చూడమనండి. ఏ చెయ్యి సుఖంగా ఉందో తననే తేల్చుకోనివ్వండి. మళ్లీ బలవంతం వద్దు.

3. ఎడమచేత్తో రాసేటప్పుడు కాగితం పైభాగం కుడివైపుకు ఒరిగి ఉండాలి. వెలుతురు కుడివైపు నుంచి రావాలి. బడిలో బెంచీ ఎడమ చివర కూర్చోబెట్టమని టీచరును అడగండి. పక్కవారి మోచెయ్యి తగలదు.

4. అన్నం తినడం, ప్రసాదం పుచ్చుకోవడం కుడిచేత్తో నేర్పితే నష్టం లేదు. కొట్టడం, కట్టడం మాత్రం పనికిరావు.

బాబును చూసి డాక్టరుగారు ఏమన్నారో తప్పక రాయండి. ఆ ఉత్తరం మీ అమ్మాయి తనకు నచ్చిన చేత్తో రాస్తే మరీ సంతోషిస్తాను.