క్లచ్ పోయిందట, ఎవరు తోలారట?

పాలు విరిగితే ఎండల దోషం. పప్పు ఉడక్కపోతే నీళ్ళ దోషం. కారు టైరు పంక్చరయితే మేకు దోషం, బ్యాటరీ దిగిపోతే కంపెనీ దోషం, ఏసీ చల్లగా రాకపోతే గ్యాసు దోషం. క్లచ్ ప్లేటు పోతే మాత్రం ఆడదాని దోషం!

నమ్మకం లేకపోతే మీ వూళ్ళో ఏ మెకానిక్ షెడ్డు ముందయినా ఓ పావుగంట నిలబడి చూడండి. బానెట్టు ఎత్తకముందే, కారు కింద తల పెట్టకముందే, "మేడంగారు కూడా తోలుతారాండి?" అని అడుగుతాడు. అందులో "గారు" వుంది, "అండి" వుంది. మా గోదావరి జిల్లాల్లో మర్యాదకేం లోటు! కాని అది ప్రశ్న కాదు, తీర్పు. ఆ తీర్పు చెవిన పడగానే పక్కనున్న భర్తగారి ముఖం చాటంతవుతుంది. "నే చెప్పలా!" అన్నట్టు భార్య వంక చూస్తాడు. ఆవిడేమో, ఏ తప్పూ చేయకపోయినా తల వంచుకోవడం చిన్నప్పటి నుంచీ అలవాటు చేసుకున్న మనిషి కదా, ఇప్పుడూ వంచుకుంటుంది.

ఒక ముక్క ఇనుము అరిగిపోయినందుకు ఇంత గోలెందుకూ అంటారేమో. గోల ఇనుము కోసం కాదండీ, తాళంచెవి కోసం.

మాది కొవ్వూరు. మాకూ మా అవసరాల్లో సగానికీ మధ్య గోదావరి వుంది. పెద్ద డాక్టరు కావాలన్నా, పిల్లల కాలేజీ అన్నా, పెళ్ళి పట్టుబట్టలన్నా అవతలి గట్టుకి, రాజమండ్రికి పోవాల్సిందే. హేవలాక్ వంతెన మీద రైలు తప్ప మరొకటి పోలేదు. 1974లో రోడ్డు, రైలు కలిసిన వంతెన వచ్చేదాకా మా అమ్మలూ అమ్మమ్మలూ రైలు కోసమో, లాంచీ కోసమో, అన్నిటికీ మించి తీసుకువెళ్ళే మగదిక్కు కోసమో కాచుక్కూర్చున్నారు. 2015 నుంచి నాలుగో వంతెన కూడా వుంది. ఇవాళ మా వీధి ఆడపిల్ల అర్ధరాత్రి బిడ్డకి జ్వరమొస్తే ఎవర్నీ లేపకుండా కారు తీసి ఏరు దాటేస్తోంది. ఇది చిన్న సంగతి కాదు. ఆ పిల్ల చేతిలోని తాళంచెవి ఒక్క క్లచ్ బిల్లుతో మళ్ళీ మగవాడి జేబులోకి పోతోంది. "నీకెందుకులే శ్రమ, ఎక్కడికన్నా వెళ్ళాలంటే నేను దింపుతాగా!" అంటాడు. అనురాగమే. కాదనను. కాని ఆ అనురాగానికి ఆఫీసు వేళలుంటాయి, తీరికా కోపాలూ వుంటాయి. ఆమె జ్వరాలకీ ప్రయాణాలకీ అవి కుదరవద్దూ?

అసలింతకీ క్లచ్ అంటే ఏమిటి? ఇంజనుతోబాటు తిరిగే బరువైన చక్రం ఒకటి, దాన్ని ఫ్లైవీలంటారు. దానికీ గేరుబాక్సుకీ మధ్య ఒక పళ్ళెం, అదే క్లచ్ ప్లేటు. పళ్ళేన్ని వెనకనుంచి స్ప్రింగు బలంతో చక్రానికి అదిమి పట్టేది ప్రెషర్ ప్లేటు. మనం ఎడంకాలితో పెడల్ తొక్కితే రిలీజ్ బేరింగు ఆ స్ప్రింగుని నొక్కుతుంది, పట్టు సడలుతుంది. అంతే.

రెండరచేతులూ గట్టిగా కలిపి దణ్ణం పెట్టండి. చేతులు వేడెక్కవు. విడదీయండి, అప్పుడూ వేడెక్కవు. ఆనీ ఆననట్టు పెట్టి ఒకదానిమీద ఒకటి రుద్దండి, క్షణంలో చుర్రుమంటాయి. క్లచ్చీ అంతే. పూర్తిగా పట్టుకున్నప్పుడు అరగదు, పూర్తిగా వదిలినప్పుడూ అరగదు. పట్టీ పట్టనట్టు వున్న మధ్యకాలంలోనే అరుగుతుంది. కొన్ని కాపురాలూ ఇంతే ననుకోండి, అదలా వుంచుదాం.

అంటే క్లచ్‌ని తినేసేవి రెండే: పట్టీ పట్టనట్టు వుంచిన కాలం, ఆ సమయంలో ఇంజను తిరిగే వేగం. రెండోదాని లెక్క మరీ దారుణం. నిలబడ్డ కారుని కదిలించేటప్పుడు ఇంజను వేగాన్ని రెట్టింపు చేస్తే పుట్టే వేడి రెట్టింపు కాదు, దాదాపు నాలుగు రెట్లు. మరి చెప్పండి, సిగ్నలు దగ్గర పచ్చదీపం వెలగ్గానే ఇంజన్ని గాండ్రించి ఎగిరి దూకే వాళ్ళెవరు? మీరా? నేనా?

ఇక్కడే స్పోర్ట్సు కార్ల సంగతి చెప్పాలి. "బలమైన బండి కదా, దాని క్లచ్ కూడా బలంగానే వుంటుంది" అని మగవాళ్ళకో ధీమా. వుంటుంది, నిజమే. మన ఇళ్ళలో తిరిగే మారుతి స్విఫ్ట్ ఇంజను 2021లో ఇచ్చిన తిప్పుడు బలం 113 న్యూటన్ మీటర్లు. 2023లో మన దేశానికొచ్చిన బి.ఎం.డబ్ల్యు. ఎం2, కోరుకున్న వాళ్ళకి చేతిగేర్లతో కూడా ఇచ్చారు దాన్ని, అది 550 ఇచ్చింది. దాదాపు అయిదింతలు. అంత బలాన్ని జారకుండా పట్టుకోవాలంటే స్ప్రింగు గట్టిదై వుండాలి. కాని బలమైన క్లచ్ అంటే ఓర్పుగల క్లచ్ అని అర్థం కాదు. అది చేసింది ఖాళీ రోడ్డు మీద పరుగుకి. గిత్తని తెచ్చి గానుగకి కడితే ఏమవుతుంది? పైగా ఇలాంటి కార్లలో మొదటి గేరు పొడుగు. అంటే బండి కదలాలంటే ఎక్కువసేపు జార్చాలి. టైర్లు వెడల్పు, నేలని వదలవు. ఇంజను ఒక్కసారిగా విదిలిస్తే చక్రం జారాలి, లేదా క్లచ్ జారాలి. చక్రం జారనంటుంది. ఇహ మిగిలింది ఎవరు? కారు ఎత్తు తక్కువ కనుక ప్రతి స్పీడుబ్రేకరు దగ్గరా అడుగు తగలకుండా పాకాలి. పాకడమంటే సగం క్లచ్చే.

మొన్న సంక్రాంతికి మా బంధువుల అబ్బాయి హైదరాబాదు నుంచి అలాంటి కారొకటి తోలుకొచ్చాడు. ఏ కంపెనీదన్నది అప్రస్తుతం. కనుమనాడు కోడిపందాల బరి పక్కన, కోసిన చేలో దిగబడిన చక్రాన్ని బయటికి లాగడానికి అరగంటసేపు ఇంజన్ని అరిపించాడట. తిరిగొస్తూ రోడ్డు కం రైలు వంతెన ఎక్కాడు. ఆ వంతెన మీద రైలు కింద, రోడ్డు పైన. కనుక ముందు ఎత్తెక్కాలి. పండుగ రద్దీకి ఆ ఎత్తు మీద బళ్ళు చీమలబారు. హ్యాండుబ్రేకు వేస్తే పరువుపోతుందేమో, బండిని వెనక్కి పోకుండా క్లచ్ మీదే ఆపి వుంచుతూ నాలుగు కిలోమీటర్ల పైచిలుకు ఆ వంతెనంతా దేకించాడు. ఇంటికొచ్చేసరికి కాలిన పీచు కంపు వీధంతా. మర్నాడు గేరు పడుతోంది, ఇంజను అరుస్తోంది, బండి మాత్రం కదలడం లేదు.

అప్పుడు ఆ అబ్బాయి అన్నమాట వినండి. భార్య వంక తిరిగి, "భోగినాడు పేటలోకి నువ్వు తీసికెళ్ళావు కదూ!" అన్నాడు. ఆ అమ్మాయి తీసికెళ్ళిందల్లా కిలోమీటరున్నర, పూలూ అరటిపళ్ళూ తేవడానికి. వాళ్ళ అత్తగారు "అందుకే అన్నాను, ఆడపిల్లకి అంత కారెందుకని" అంది. ఆవిడ జన్మలో స్టీరింగు ముట్టలేదు. ఆ అమ్మాయి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "తీసిన ప్లేటు చూపించమను నాయనా" అన్నాను నేను. "నువ్వూరుకో పిన్నీ, నీకు తెలీదు" అన్నాడు.

తెలిసే అన్నాను. ఎందుకంటే ఆ ప్లేటు సాక్షి. ఏళ్ళ తరబడి వాడగా అరిగినదైతే, పైపూత సమంగా పల్చబడి రివిట్లు పైకి తేలుతాయి. జార్చి జార్చి కాల్చినదైతే నల్లగా, గాజులా మెరుస్తుంది. ఫ్లైవీలు మీద నీలిమచ్చలు పడతాయి. నూనె కారి పాడైనదైతే జిడ్డోడుతూ వుంటుంది. అప్పుడు దోషం ఇంజను వెనక సీలుది, ఎవరి కాలిదీ కాదు. ఇన్ని సంగతులు చెప్పే ప్లేటు ఒక్కటి మాత్రం చెప్పదు: తొక్కిన పాదానికి మెట్టె వుందా, బూటుందా అన్నది. దానికది అక్కర్లేదు. మరి చూడకుండానే మనవాళ్ళకెలా తెలిసిపోతోందో!

ఏ మాటకామాటే చెప్పుకోవాలి. మనలోనూ క్లచ్ మీద కాలు ఆన్చుకు కూర్చునే వాళ్ళున్నారు. నేర్చుకునే రోజుల్లో ఎవరి క్లచ్చయినా అరుగుతుంది, ఆడైనా మగైనా. కాని ఇంకో కారణముంది, దాన్నెవరూ చెప్పరు. మన ఇళ్ళలో సీటు భర్తగారి కాళ్ళ పొడుగుకి జరిపి వుంటుంది. "మళ్ళీ మార్చుకోవాలి, కదపకు" అని ఆజ్ఞ. ఆ సీట్లో కూర్చుని అయిదడుగుల మనిషి పెడల్ అడుగంటా తొక్కలేదు. అడుగంటకపోతే ప్లేటు పూర్తిగా విడదు, రాసుకుంటూనే వుంటుంది. ఇది కాలి తప్పా, సీటు తప్పా? సీటు ముందుకి జరుపుకోండి. తొక్కితే మోకాలు ఇంకా కాస్త వంగే వుండాలి. ఆయన వెనక్కి జరుపుకుంటారు, చేతులున్నాయిగా!

"పోనీ ఆటోమేటిక్ కొనిస్తాలే, నీకు క్లచ్ గొడవ వుండదు" అనే దయామయులు మరో రకం. సౌకర్యం కోసం కొంటే శుభం, నేనూ సంతోషిస్తాను. రాదు గనక కొంటున్నా నంటేనే అభ్యంతరం. తమాషా ఏమిటంటే, తక్కువ ధరలో దొరికే ఎ.ఎం.టి. కార్లలో వున్నదీ ఈ క్లచ్ ప్లేటే. కాలి బదులు యంత్రం తొక్కుతుంది. ఎత్తుమీద బ్రేకు వేయకుండా యాక్సిలరేటరుతో ఆపి వుంచితే అదీ కాలుతుంది. అప్పుడెవర్నంటారు? యంత్రానికి చీర కడతారా?

ఇహ "ఆడవాళ్ళకి బలమైన కార్లెందుకు" అన్న మాట. 1888 ఆగస్టులో జర్మనీలో బెర్తా బెంజ్ అనే ఇల్లాలు, భర్తకి చెప్పకుండా, ఇద్దరు కొడుకుల్ని వెంటేసుకుని ఆయన తయారుచేసిన కారులో మాన్‌హైమ్ నుంచి ఫోర్జ్‌హైమ్‌లోని పుట్టింటికి వెళ్ళింది. నూరు కిలోమీటర్ల పైచిలుకు; ప్రపంచంలో కారు చేసిన తొలి దూరప్రయాణం అదే. దారిలో ఇంధనం గొట్టం పూడుకుపోతే టోపీ పిన్నుతో పొడిచింది. బ్రేకు అరిగిపోతే చెప్పులు కుట్టేవాడి చేత తోలు తొడుగు వేయించింది. అరిగేచోట అరగనిచ్చే తొడుగు వేయాలన్నది ఒక ఇల్లాలి ఉపాయం. ఇక 1981లో ఇటలీలోని శాన్ రెమోలో ప్రపంచ ర్యాలీ పోటీ గెలిచింది ఫ్రాన్సు దేశపు మిషెల్ మూటన్. మరుసటి ఏడు పోర్చుగల్‌లో, గ్రీసులో, బ్రెజిల్‌లో గెలిచి ప్రపంచంలో రెండో స్థానానికి వచ్చింది. ఆవిడ తోలిన ఆడి క్వాట్రోకి మూడు వందలు దాటిన అశ్వశక్తి, మూడు పెడళ్ళు. ఎడంకాలు ఆవిడదే!

కనుక అమ్మలారా, ఇకమీదట క్లచ్ పోయిందన్న మాట వినగానే తల వంచకండి, తల వంచి కారు కిందకి చూడండి. అంతకుముందే గుర్తులు తెలుసుకోండి: పెడల్ బాగా పైకొచ్చాక గాని బండి కదలకపోవడం, పైగేరులో వుండగా యాక్సిలరేటరు తొక్కితే ఇంజను చప్పుడు పెరిగి వేగం పెరగకపోవడం, కాలిన వాసన. షెడ్డుకి తీసుకెళ్తే ప్లేటు, ప్రెషర్ ప్లేటు, రిలీజ్ బేరింగు మూడూ ఒక్కసారే మార్చమనండి. గేరుబాక్సు దించడానికయ్యే కూలే బరువు. ఒకటి మార్చి రెండు మిగిల్చి నెలలో మళ్ళీ దింపించడం తెలివి కాదు. ఫ్లైవీలూ సీలూ చూపించమనండి. బాగా బలమైన కార్లలోనూ చాలా డీజిలు కార్లలోనూ ఫ్లైవీలు రెండు ముక్కలుగా, మధ్య స్ప్రింగులతో వుంటుంది; అది పోతే ఖర్చు ప్లేటుకి మించిపోతుంది, ముందే అడగండి. అరుగుదలకి ఇన్సూరెన్సు వాళ్ళు పైసా ఇవ్వరు. కొత్తది వేశాక మొదటి కొన్ని వందల కిలోమీటర్లు నెమ్మదిగా తోలండి, తోలించండి.

అన్నిటికన్నా ముఖ్యం, పాత ప్లేటు సంచీలో పెట్టి ఇమ్మనండి. డబ్బిచ్చి మార్పించింది కదా, అది మీదే. ఇంటికి తెచ్చి హాల్లో బల్ల మీద, ఆయన కాఫీ తాగేచోట పెట్టండి. అప్పుడు అడగమనండి, ఎవరు తోలారని.

2027లో మళ్ళీ గోదావరి పుష్కరాలు. వంతెనల మీద బళ్ళు బారులు తీరతాయి, ఎన్నో క్లచ్‌లు కాలతాయి. ప్రతి కాలిన క్లచ్ వెనకా ఒక మనిషి వుంటాడు, ఆడో మగో, ఆ రోజు ఓర్పు లేని మనిషి. బిల్లు ఆ ఓర్పులేమికి రాయండి. తాళంచెవి మాత్రం ఎవరి చేతిలోంచీ లాక్కోకండి.