ఇంగ్లీషు బోర్డు మీద కాదు, బడిలో కావాలె

తల్లిభాష చచ్చిపోతున్నదని ఏడ్చే దొరల పిల్లలు ఏ బడికి పోతున్నరు? కాన్వెంటుకు. అక్కడ గ్రామరుకొకరు, మాట్లాడించడానికొకరు. టర్మంతా నాటకాలు, వక్తృత్వ పోటీలు. టీచర్లకు ఊపిరి సలపదు.

మన వాడ పిల్ల పోయే హైస్కూల్లో? చాలాచోట్ల ఆరు నుంచి పది దాకా ఒక్క ఇంగ్లీషు సారే దిక్కు. ఎఫ్.ఏ.లు రెండు, ఎనకనే ఎస్.ఏ. నోటుబుక్కులు దిద్దాలె, మార్కులెక్కించాలె, నడుమ ఎలక్షను డ్యూటీ. ఆయనకూ తీరిక లేదు. కానీ పాఠంతోటి కాదు, కాగితాలతోటి.

2022-23లో సర్కారు బడుల్లో ఒకటి నుంచి ఎనిమిది దాకా ఇంగ్లీషు మీడియం పెట్టిన్రు. ఒక పేజీ తెలుగు, ఒక పేజీ ఇంగ్లీషు పుస్తకాలిచ్చిన్రు. మంచిదే, అడిగింది మనమే. మరి చెప్పే మనిషేడి? తట్ట మోయ బొంబాయి పోయిన పాలమూరు కూలి బిడ్డకు ఇంట్ల ట్యూషనెవరు చెప్తరు? పీరియడు పోతే చదువే పోయినట్టు.

1936లో లాహోరు సభవాళ్లు జడిసి సభ రద్దు చేస్తే, ఇంగ్లీషులో రాసిన ఉపన్యాసాన్ని అంబేద్కర్ సొంత ఖర్చుతో అచ్చేసిండు. కులం సంగతి దేశాలు దాటింది. ఇంగ్లీషు మనకు సోకు కాదు. మన తగువు దొర గడప దాటే తొవ్వ. తెలుగంటరా? నాట్లల్ల, కోతలల్ల దాన్ని బతికించిందే మనం.

నల్లగొండ, పాలమూరు తల్లులారా, తండ్రులారా! ఒక్కపూట బడికాడికి పోండ్రి. వారానికి ఇంగ్లీషు పీరియడ్లెన్ని, జరిగినవెన్ని? రాసుకోండ్రి. ఆ కాగితం మండలాఫీసు బల్ల మీద పెట్టి అడుగుండ్రి. అడగంది ఏదీ రాలేదు, రాదు.