మాటల పేటిక: డైవర్జ్



మా ఖానాపూరులో సాయంసమయములందు నలుగురైదుగురు బాలికలు చదువుకొనుటకై మా యింటికి వచ్చుచుందురు. వారిలో నొక చిన్నది, పట్టణమున వసతిగృహమునందు జేరిన తన నేస్తమునకు ఆంగ్లమున జాబు వ్రాసెను. తమ చదువులు వేర్వేరు దారుల బట్టినవని చెప్పదలచి, ‘వుయ్ హావ్ సెపరేటెడ్’ అని వ్రాసినది. నేస్తము దానిని తెగతెంపులుగా నెంచి రెండు నెలలు బదులు వ్రాయలేదు. ఆ పిల్ల కన్నీరు జూచిన పిమ్మట, ఈ నెల ‘డైవర్జ్’ అను క్రియను గూర్చి వ్రాయ నిశ్చయించితిమి.

ఈ మాట లాటిను భాషనుండి పుట్టినది. ‘డిస్’ అనగా ఎడముగా, ‘వెర్గెరె’ అనగా మొగ్గుట. ఒక్కచోట బయలుదేరిన రెండు దారులు చెరియొక వైపునకు మొగ్గి, క్రమక్రమముగా దూరమగుటయే దీని యర్థము. ఇందు కోపము లేదు, కోత లేదు. ‘సెపరేట్’ అన్నచో కలిసియున్నవి వేరగుట. ఆలుమగలను గూర్చి చెప్పినపుడు కాపురము విడిచి వేరుగా నుండుట యని తోచును.

మన తెలుగున దీనికి దగ్గరి చుట్టము ‘పాయ’. జడ యల్లునపుడు కురులను మూడు పాయలు చేయుదుము. ఏరు చీలినను పాయయే యందుము. ధవళేశ్వరము దాటిన గోదావరికి గౌతమి, వసిష్ఠ యనునవి ముఖ్యమైన పాయలు గదా!

ఇక వాడుక. ఈ క్రియ సాధారణముగా అకర్మకము. దారులు తామే డైవర్జ్ అగును. మనము మరలించినచో అది ‘డైవర్ట్’. ఈ భేదమును మా బాలికలకు సదర్మాట్ ఆనకట్టను జూపి చెప్పితిమి. 1891-92లో మా చెంత గోదావరిపై గట్టిన యీ యానకట్టను, 2018లో అంతర్జాతీయ నీటిపారుదల సంస్థ ప్రపంచ వారసత్వ కట్టడముగా గుర్తించినది. ఆనకట్ట నదీజలమును కాలువలోనికి డైవర్ట్ చేయును. అటుపై కాలువ తన పొలముల దారిని, నది తన దారిని బట్టి డైవర్జ్ అగును. దేనినుండి యెడమైనదో చెప్పుటకు ‘ఫ్రమ్’ చేర్చవలెను. అభిప్రాయములు వేరైనపుడును ఈ మాటనే వాడుదురు. దీనికి ఎదురుమాట ‘కన్వర్జ్’, అనగా ఒక్కచోటికి వచ్చి కలియుట.

చిత్రకూటమున శ్రీరామ భరతుల దారులు పాసినవి. ఒకరు దండకకు, ఒకరు పాదుకలు శిరమున దాల్చి నందిగ్రామమునకు. వారి నడుమ ప్రేమ యిసుమంతయు తగ్గెనా? అట్టిచోట ‘డైవర్జ్’ అనుటయే తగును. చదువులకో, కాపురములకో తలొక యూరికి జేరిన మన అక్కచెల్లెండ్రను, బాల్యసఖులను దలచినపుడును ఇంతే. దూరమైనవారందఱు విడిపోయినవారు గారు.

ఆ పిల్లచేత జాబు తిరిగి వ్రాయించితిమి: ‘అవర్ పాత్స్ హావ్ డైవర్జ్‌డ్’ అని, క్రింద తెలుగున రెండు ముక్కలు. వారము తిరుగకమున్నే బదులు వచ్చినది. బతుకమ్మ పండుగకు మన దారులు ఖానాపూరున కన్వర్జ్ అగునని ఆ నేస్తము వ్రాసినది.